అమర్చిన మెమరీ, అందెడి మెమరీ

కంప్యూటరునందు ఎంత మెమరీ అమర్చితిమో అంత మెమరీయు దాని పనికి వచ్చునని సామాన్యముగ జనులు తలంచుచున్నారు. సంచిలో నాలుగు మానికల బియ్యము పోసినచో నాలుగు మానికలే యుండవలయును గదా యని వారి వాదము. బియ్యమునకు ఇది నిజమే. కంప్యూటరునకు, అందును పాత కంప్యూటరునకు, ఇది నిజము కాదు.

ఈ విషయమును మన సంచిక చదువరుల ముందుంచుటకు కారణము కలదు. మన కంప్యూటరు గదిలోని పాత యంత్రములన్నిటికిని మెమరీ పెంచవలయుననియు, అందులకై తల్లిదండ్రులయొద్ద చందా తీసికొనవలయుననియు ఈ సంవత్సరము ఒక ప్రతిపాదన వచ్చియున్నది. రామారెడ్డిలోను, చుట్టుపట్ల గ్రామములలోను బీడీలు చుట్టియు, మొక్కజొన్న పండించియు, గల్ఫు దేశములకు వలసపోయియు సంపాదించు కుటుంబముల సొమ్ము అది. ఆ సొమ్ముతో కొను వస్తువు యంత్రమునకు అందునో అందదో ముందుగ విచారింపవలయునని మా అభిప్రాయము.

మన ప్రాంతమువారికి చెరువులు తెలియనివి కావు. చెరువు నిండుగ నున్నను, తూము మట్టమునకు దిగువ నిలిచిన నీరు ఆయకట్టునకు పారదు. పశువులు త్రాగవచ్చును, చేపలు బ్రతుకవచ్చును. పొలము మాత్రము తడియదు. నీరు లేదని యెవరును అనరు. నీరు కలదు, దారి లేదు. పాత కంప్యూటరులలో మెమరీకి పట్టిన గతి తరచుగ ఇదియే.

కంప్యూటరునందు తూము వంటిది చిరునామా. ప్రాసెసరు మెమరీనుండి ఒక బైటును కోరునపుడు ఒక సంఖ్యను పిలుచును. ఆ సంఖ్యను పంపుటకు ప్రాసెసరునుండి కొన్ని తీగలు వెలువడును. ఒక్కొక్క తీగకు విద్యుత్తు ఉండుట, లేకుండుట అను రెండే స్థితులు. కనుక ఒక తీగ యున్న రెండిండ్లకు, రెండు తీగలున్న నాలుగిండ్లకు, పది తీగలున్న 1,024 ఇండ్లకు సంఖ్యలు దొరకును. 16 తీగలకు 65,536; 20 తీగలకు 10,48,576; 32 తీగలకు 4,29,49,67,296. ఘాతాంకములు చదివిన తొమ్మిదవ తరగతి బాలునికి ఇందు క్రొత్త యేమియు లేదు.

క్రొత్తది ఇకమీద చెప్పబోవునది. ఈ సంఖ్యలన్నియు మెమరీకే చెందవు. పూర్వము పట్వారి యొద్ద నుండిన గ్రామ నక్షాను చూచినవారికి ఇది సులువుగ బోధపడును. ఊరి భూమికంతకు సర్వే నంబరులు వరుసగ వేయబడి యుండును. అందు కొన్ని రైతుల పట్టాలు, కొన్ని చెరువు శిఖము, కొన్ని బాటలు, కొన్ని శ్మశానములు. శిఖమునకు వేసిన నంబరును మరల రైతు పొలమునకు వేయుటకు వీలులేదు. అట్లే కంప్యూటరునందును తెరపై బొమ్మను నిలుపు మెమరీకి కొన్ని సంఖ్యలు, యంత్రమును మేల్కొలుపు శాశ్వత మెమరీకి కొన్ని సంఖ్యలు, అదనపు కార్డులకు కొన్ని సంఖ్యలు ముందే కేటాయింపబడి యుండును. ప్రాసెసరు పిలిచిన సంఖ్యకు ఎవరు బదులు పలుకుదురో ప్రాసెసరునకు తెలియదు. మిగిలిన సంఖ్యలే మనము కొని అమర్చిన మెమరీకి దక్కును.

ఈ పంపకమును మన దేశపు విద్యార్థులు మొదట చూచినది 1984లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన క్లాస్ అను పథకమువలన. ఆ పథకము క్రింద మొదట సుమారు 250 పాఠశాలలకు ఇంగ్లండునందు ఏకార్న్ కంపెనీవారు నిర్మించిన బి.బి.సి. మైక్రో యంత్రములు వచ్చినవి. ఆ యంత్రపు ప్రాసెసరునకు 16 చిరునామా తీగలు; అనగా 64 కిలోబైట్లకు మాత్రమే సంఖ్యలు గలవు. అందు పై సగము శాశ్వత మెమరీకి పోయెను: బేసిక్ భాష యుండు స్థలము 16 కిలోబైట్లు, యంత్రమును నడపు వ్యవస్థ మఱి 16 కిలోబైట్లు. క్రింది సగమగు 32 కిలోబైట్లు, అనగా 32,768 బైట్లు, విద్యార్థికి మిగిలినవని తోచును. అట్లు కాదు. మొదటి 3,584 బైట్లు వ్యవస్థ తన లెక్కలకై ఉంచుకొనును. డిస్కు వాడినచో ఇంకొక 2,816 బైట్లు పోవును. తెరపై అడ్డముగ 640, నిలువుగ 256 చుక్కలతో రెండు రంగుల బొమ్మను చూపవలయునన్న ఆ తెరకే 20,480 బైట్లు కావలయును. అవియు ఆ 32 కిలోబైట్లలోనుండియే తీయబడును. మిగిలినది 5,888 బైట్లు. విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాము అందులో ఇమడవలయును.

బొమ్మ మానుకొని, వరుసకు 40 అక్షరముల చొప్పున 25 వరుసలు చూపు తెరను కోరుకొనినచో, తెరకు 1,024 బైట్లే చాలును. అపుడు ప్రోగ్రామునకు 25,344 బైట్లు దక్కును. అందమైన బొమ్మ కావలయునా, పొడవైన ప్రోగ్రాము కావలయునా యని బాలుడు తనంతట తానే తేల్చుకొనవలసి యుండెను. ఆ యంత్రములకంటె మంచి ఉపాధ్యాయుడు ఆ విషయమున వేరొకడు లేడని మేము తలంచుచున్నాము. నేటి విద్యార్థికి ర్యామ్ అనగా తాత్కాలికము, రామ్ అనగా శాశ్వతము అని రెండు వాక్యములు వల్లె వేయించి పరీక్షకు పంపుచున్నాము. మార్కులు వచ్చును. తెరకు మెమరీ యెక్కడనుండి వచ్చెనని అడిగినచో బదులు రాదు.

ఇక 1981 ఆగస్టులో వెలువడిన ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరు సంగతి. దాని ప్రాసెసరు ఇంటెల్ 8088. తీగలు 20, సంఖ్యలు పదిలక్షల చిల్లర, అనగా 1,024 కిలోబైట్లు. దీనిని నిర్మించినవారు నక్షాను రెండుగ విభజించిరి. క్రింది 640 కిలోబైట్లు వాడుకరి మెమరీకి. పై 384 కిలోబైట్లు యంత్రమునకు. ఆ పై భాగమున మొదటి 128 కిలోబైట్లు తెరకు, చివరి 64 కిలోబైట్లు యంత్రమును మేల్కొలుపు బయాసునకు, నడుమ 192 కిలోబైట్లు అదనపు కార్డులకు కేటాయింపబడెను.

ఈ విభజనను తరువాతివారు మిక్కిలి దూషించిరి. అది న్యాయమని మాకు తోచదు. మొదటి యంత్రము తక్కువ ధరకు కొన్నవానికి వచ్చిన మెమరీ 16 కిలోబైట్లు. దానికి 640 అనగా నలుబది రెట్లు. ఇల్లు కట్టువాడు నలుబది రెట్ల స్థలము విడిచినచో అతనిని దూరదృష్టి లేనివాడని యెట్లందుము? చిక్కు వేరొకచోట కలదు. తెరకు కేటాయించిన సంఖ్యలను అందరును ఎరిగిరి. అక్షరముల తెరకు వరుసకు 80 చొప్పున 25 వరుసలు, ఒక్కొక్క అక్షరమునకు రెండు బైట్లు, మొత్తము 4,000 బైట్లు. ప్రోగ్రాములు వ్రాయువారు వేగమునకు ఆశపడి, మధ్యవర్తిని అడుగక ఆ సంఖ్యలకే నేరుగ అక్షరములను వ్రాయజొచ్చిరి. బాటకు అడ్డముగ ఇండ్లు కట్టుకొన్న పిదప బాటను మార్చుట యెట్లు? మెమరీ చౌకయైన దినమున పై హద్దును జరుపుటకు ఎవరికిని వీలులేకపోయెను.

హద్దు జరుగనందున జనులు ఉపాయములు వెదకిరి. 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ అను మూడు కంపెనీలు కూడి ఒక ఏర్పాటు చేసినవి. అదనపు మెమరీని ఒక కార్డుపై నుంచి, పై భాగములో ఖాళీగ నున్న 64 కిలోబైట్ల చోటును నాలుగు కిటికీలుగ చేసిరి. ఒక్కొక్క కిటికీ 16 కిలోబైట్లు. కావలసిన భాగమును కిటికీకి తెచ్చి చూచుట, పని ముగిసిన పిదప దానిని తొలగించి వేరొకదానిని తెచ్చుట. మన గ్రంథాలయపు బల్ల నాలుగు పుస్తకములకే చాలినను బీరువాలోని పుస్తకములన్నియు చదువగలుగుచున్నాము గదా! పుస్తకములను మార్చుటకు కొంత కాలము పట్టును, అంతే.

1984లో వచ్చిన ఐ.బి.యం. ఏ.టి. యంత్రమునందు 80286 అను ప్రాసెసరు అమర్చబడెను. దానికి తీగలు 24. 16 మెగాబైట్ల వరకు చేరగలదు. కాని పాత పద్ధతిలో నడచునపుడు అదియు ఒక మెగాబైటు దగ్గరనే నిలిచిపోవును. ఇక్కడ ఒక వినోదమైన లెక్క కలదు. 8088 చిరునామాను కట్టు రీతి యేమనగా, ఒక సంఖ్యను 16తో గుణించి దానికి రెండవ సంఖ్యను కలుపుట. రెండును గరిష్ఠముగ 65,535. గుణించి కలిపిన 11,14,095 వచ్చును. 20 తీగలలో చివరి సంఖ్య 10,48,575. మిగిలిన 65,520 సంఖ్యలను పంపుటకు 21వ తీగ లేదు గనుక 8088లో అవి మరల మొదటికే వచ్చి పడెడివి. కొన్ని ప్రోగ్రాములు ఈ తిరుగుడునే నమ్ముకొని వ్రాయబడినవి! 286కు 21వ తీగ యుండుటచేత ఆ ప్రోగ్రాములు చెడిపోవు ప్రమాదము కలిగెను. అందుచేత ఐ.బి.యం. వారు ఆ తీగకు ఒక తలుపు పెట్టి, దాని తాళమును కీబోర్డును చూచుకొను చిన్న చిప్పు చేతికిచ్చిరి. ధాన్యపు కొట్టు తాళపుచెవి వీధిగుమ్మము కాపలావానికి ఇచ్చినట్లయ్యెను. అతని యొద్ద ఒక మేకు ఖాళీగ నుండెను, అదియే కారణము.

ఆ తలుపు తెరచినచో పాత పద్ధతిలోనే ఆ 65,520 బైట్లు అందును. 1991లో వచ్చిన యం.యస్.-డాస్ 5.0 తనలో కొంత భాగమును అక్కడికి తరలించుకొని, వాడుకరికి క్రింద చోటు విడిచెను. అప్పటికి 1985లో వచ్చిన 80386 ప్రాసెసరు వ్యాపించియుండెను. దానికి తీగలు 32. అంతకంటె మేలైన సంగతి, 4 కిలోబైట్ల చొప్పున మెమరీని పుటలుగ విభజించి, ఏ పుటకు ఏ సంఖ్య కావలయునన్న ఆ సంఖ్య వేయగల శక్తి. దాని సాయమున 384 కిలోబైట్ల భాగములోని ఖాళీలను కూడ మెమరీతో నింపిరి. కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ అను రెండు ఫైళ్లలో వరుసలు అటునిటు మార్చి పది కిలోబైట్లు మిగుల్చుకొని సంతసించిన తరము ఇప్పటికిని జీవించియున్నది. వారిలో కొందరు పొదుపును ఆ రెండు ఫైళ్లయొద్దనే నేర్చిరి.

తెలుగు మాట యిక్కడ కొంచెము చెప్పవలయును. డాస్ కాలమున పూనాలోని సీడాక్ సంస్థవారి జిస్ట్ కార్డు నమర్చి తెలుగక్షరములను తెరపై చూచెడివారు. ఇస్కీ అను సంకేత పద్ధతిలో ఒక్కొక్క అక్షర చిహ్నమునకు ఒక్క బైటు. రామారెడ్డి అను మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి పది చిహ్నములు. పది బైట్లు చాలును. నేడు యూనికోడునందు ఎక్కువగ వాడుకలోనున్న యు.టి.యఫ్.-8 రూపమున ఆ మాటకే ముప్పది బైట్లు. ఇది చూచి తెలుగు వ్రాయుటకు పాత యంత్రము పనికిరాదని కొందరందురు. లెక్క వేయుదము. పుటకు 2,000 చిహ్నముల చొప్పున నూరు పుటల పుస్తకము 6,00,000 బైట్లు. 640 కిలోబైట్లు అనగా 6,55,360. పుస్తకమంతయు ఆ పాత హద్దులోపలనే ఇమిడిపోవుచున్నది. యంత్రమునకు భారమగునది అక్షరము కాదు. బొమ్మలు, చలనచిత్రములు, ఒకేసారి తెరచిన ఇరువది కిటికీలు.

ఇపుడు మన గదిలోని యంత్రముల తరమునకు వత్తము. 32 తీగల నక్షాలో మొత్తము నాలుగు గిగాబైట్ల సంఖ్యలు గలవు. 1981లో జరిగిన కథయే ఇక్కడ మరల జరిగెను. తెర కార్డు, నెట్‌వర్కు కార్డు, బయాసు మొదలగునవి నాలుగు గిగాబైట్ల హద్దునకు కొంచెము క్రింద తమ సంఖ్యలను తీసికొనును. అవి 768 మెగాబైట్లు తీసికొనినచో 4,096లో 3,328 మిగులును. అనగా మూడుంబావు గిగాబైట్లు. మనము నాలుగు అమర్చినను అంతే. మిగిలిన ముప్పావును నాలుగు గిగాబైట్ల పైన వేరు సంఖ్యలతో చూపగల బోర్డులు కొన్ని కలవు. ఇంటెల్ 945 వంటి చిప్‌సెట్టు గల బోర్డులకు ఆ శక్తి లేదు. బోర్డునకు శక్తి యున్నను విండోసు ఎక్స్‌పీ 32 బిట్ల రూపము, రెండవ సర్వీసు ప్యాక్ తరువాత, నాలుగు గిగాబైట్ల పైనున్న సంఖ్యలను వాడదు. 1995లో వచ్చిన పెంటియం ప్రో నాటినుండి ప్రాసెసరులకు 36 తీగలు ఉన్నను వాడదు. కావున ప్రాసెసరు, బోర్డు, ఆపరేటింగ్ సిస్టమ్ అను మూడును సమ్మతించిననే పై మెమరీ అందును. ఒకటి కాదన్నను లేదు. ఇంకొక రీతి తగ్గుదల కలదు. తెర కార్డు వేరుగ లేని బోర్డులు అమర్చిన మెమరీలోనుండియే తెరకు కొంత తీసికొనును. 512 మెగాబైట్లు అమర్చిన యంత్రము 448 అని చూపినచో 64 తెరకు పోయినవని గ్రహింపవలయును.

ఈ చిన్న లెక్క తెలియకపోవుటవలన ఒక బాలునికి కలిగిన కష్టమును మేమెరుగుదుము. అతడు మా పూర్వవిద్యార్థి. సమీప పట్టణమున ఒక కార్యాలయమువారు అతనిచేత నాలుగు గిగాబైట్ల మెమరీ తెప్పించి అమర్పించుకొనిరి. బిల్లుపై నాలుగు, తెరపై మూడుంబావు. ముప్పావు గిగాబైటు నీవే అపహరించితివని అతని నెల జీతము నిలిపివేసిరి. యంత్రము విప్పి రెండేసి గిగాబైట్ల పట్టీలు రెండును చూపినను, వాటిపై చీటీలు మార్చితివనిరి. కొన్ని వారముల పిదప ఆ పట్టీలనే 64 బిట్ల క్రొత్త యంత్రములో పెట్టి చూచినపుడు 4,096 మెగాబైట్లును కనబడెను. జీతము చెల్లించిరి. అతడు మరల ఆ గడప త్రొక్కలేదు. ఆ కార్యాలయమున పట్టభద్రులు ఆరుగురు గలరు. రెండును ముప్పది రెండవ ఘాతమునకు హెచ్చించుట వారిలో ఎవరికిని తెలియనిది కాదు; తెలిసిన గణితమును తెరపై సంఖ్యకు అన్వయింపవలయునని వారికెవరును నేర్పలేదు. ఆ లోపము పాఠశాలలది. మాబోటి ఉపాధ్యాయుల పనికి సంబంధించినది.

పాత యంత్రములను తూకమునకు అమ్మివేసి క్రొత్తవి కొనుట మేలని మా సహోపాధ్యాయులలో కొందరి మతము. వారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. విండోసు ఎక్స్‌పీకి 2014 ఏప్రిలులోను, విండోసు 7కు 2020 జనవరిలోను కంపెనీవారి రక్షణ ముగిసెను. అట్టి యంత్రములను ఇంటర్నెట్టునకు కలుపుట క్షేమము కాదు. కాని ఇంటర్నెట్టు లేకుండ తెలుగు టైపు చేయుటకు, ప్రోగ్రాము వ్రాయుటకు, ముఖ్యముగ విప్పి చూచుటకు, అవి చక్కగ పనికివచ్చును. క్రొత్త యంత్రమును విప్పుటకు ఏ ప్రధానోపాధ్యాయుడును అనుమతింపడు. పలు క్రొత్త ల్యాపుటాపులలో మెమరీ బోర్డునకే అతికియుండును. విప్పినను చూపుటకేమియు ఉండదు.

ఇక చందా విషయము. మన గదిలో పన్నెండు యంత్రములు గలవు. ఒక్కొక్కదానిలో రెండు గిగాబైట్ల పట్టీ ఒకటి యున్నది. రెండవ గాడి ఖాళీ. ప్రతిదానికి ఇంకొక రెండు గిగాబైట్లు కొనవలయునని ప్రతిపాదన. ఇందు ఎనిమిది యంత్రములు 945 బోర్డు గలవి. వాటికి రెండు కొన్నచో ఒకటింబావు అందును, ముప్పావు తూము క్రింది నీరగును. వాటికే ఒక గిగాబైటు పట్టీ కొన్నచో మొత్తము మూడగును; మూడు మూడుంబావునకు లోపలిది గనుక పూర్తిగ అందును, సొమ్మును తగ్గును. మిగిలిన నాలుగు యంత్రముల బోర్డులు మెమరీని పైకి మార్చి చూపగలవు. వాటిలో 64 బిట్ల లినక్సు నడచుచున్నది. వాటికి రెండేసి కొనుట న్యాయము. అయినను బయాసులో ఆ మార్పునకు సంబంధించిన ఏర్పాటు తెరచియున్నదో లేదో ముందు చూడవలయును.

కావున కార్యసంఘమువారికి మా మనవి యిది. పదవ తరగతి విద్యార్థులు ఈ వారము మధ్యాహ్న విరామమున ప్రతి యంత్రమునకు ఒక కాగితము అంటించి, దానిపై మూడు సంఖ్యలు వ్రాయుదురు: అమర్చినదెంత, తెరపై కనబడుచున్నదెంత, బోర్డు అంగీకరించునది యెంత. ఆ పన్నెండు కాగితములు నిండువరకు రసీదు పుస్తకములను బయటికి పంపకుందురు గాక.